రెండు దోనెల ఓడ, ఇద్దరు నావికులు

(గ్రంథాలయ రజతోత్సవ సందర్భమున చేయబడిన ఉపన్యాసము)



నేటి ప్రసంగమునకు విషయము సముద్రయానము. ఓడ యనగానే వేలకొలది జనమును, కొండలవంటి సరకును మోయు పెద్ద యోడ మనస్సునకు వచ్చును. ఇచ్చట చెప్పబోవునది అట్టిది గాదు. భార్యాభర్తలిద్దరే నడుపుకొనుచు, రేవునుండి రేవునకు, దీవినుండి దీవికి, తీరమును విడువక నెలలతరబడి సాగు చిన్న తెరచాప ఓడ. దానిపేరు కాటమరాన్. ఆ యాత్ర జరుగు తావు ఆస్ట్రేలియా ఖండపు తూర్పుతీరము. ఎక్కడనో దూరదేశమున జరుగు ముచ్చట పల్లెటూరి గ్రంథాలయ సభలో నేల యని కొందరికి తోచవచ్చును. దీనికి రెండు కారణములు గలవు. ఆ ఓడ పేరు మన తూర్పుతీరమునుండియే ప్రపంచమునకు పోయినది. ఆ ఓడపై దంపతులు నేర్చుకొను పాఠము సముద్రము నెరుగని యింటికి సైతము పనికివచ్చునది.

ముందుగా పేరును గూర్చి విచారింతము. తమిళమున ‘కట్టు’ అనగా కట్టుట, ‘మరము’ అనగా మ్రాను. మ్రాకులను త్రాటితో కట్టి చేసినది గనుక కట్టుమరము. తెలుగు తీరమున దీనిని తెప్ప యనియు కట్టుమరమనియు పిలిచిరి. తేలికైన కొయ్యదుంగలను కొన్నింటిని ప్రక్కప్రక్కన చేర్చి, త్రాళ్లతో బిగించి, అలలు విరిగిపడు చోటును దాటి బెస్తవారు వేటకు పోవుచుండిరి. తిరిగివచ్చిన పిమ్మట కట్లు విప్పి దుంగలను ఇసుకపై ఆరబెట్టుచుండిరి. మ్రాను నీరు త్రాగి బరువెక్కకుండుటకే యీ యేర్పాటు. నేడు చాలచోట్ల ఫైబరు పడవలు వాని స్థానము నాక్రమించినవి.

విలియం డాంపియర్ అను ఆంగ్లనావికుడు 1697లో ప్రకటించిన తన లోకయాత్రా గ్రంథమున కోరమాండల్ తీరపు తెప్పలను ఈ పేరుతోనే పేర్కొనెను. పేరు ఇట్లు సీమకు చేరినది గాని, నేడు ఆ పేరుతో తిరుగు ఓడ రూపము మన తెప్పది గాదు. అది పసిఫిక్ మహాసముద్ర ద్వీపవాసులైన పాలినీషియనులది. వారు రెండు పొడవైన దోనెలను కొంత యెడముగా నుంచి, అడ్డదూలములతో జతచేసి, వానిపై అరుగు వేసికొని, వేలమైళ్ల నీటిని దాటి దీవులలో కాపురములు పెట్టిరి. ఒకచోటి పేరు మరియొకచోటి రూపమునకు అతికినది. భాషలలో నిట్టి చిత్రములు క్రొత్త గావు.

పాశ్చాత్యులు ఈ రూపమును చాలకాలము నమ్మలేదు. సర్ విలియం పెట్టీ అను పండితుడు 1662లో ఐర్లండులో జంటదోనెల ఓడను కట్టించెను. అది ఆ కాలపు వింతగనే మిగిలిపోయినది. అమెరికాలో నేథనేయల్ హెరెషాఫ్ అను ఓడశిల్పి 1876లో ‘అమరిల్లిస్’ అను జంటఓడను న్యూయార్కు పందెములలో దించి తక్కిన యోడలను వెనుకబెట్టెను. ఓడినవారు అభ్యంతరము తెలిపిరి. తరువాత అట్టి యోడలను తక్కిన యోడలతో పందెమునకు రానీయలేదు. ఆ అపనమ్మకము తొలగుటకు ఇంచుమించు నూరేండ్లు పట్టినది. డేవిడ్ లూయిస్ అను వైద్యుడు, అతని భార్య ఫియోనా, పసివారైన ఇద్దరు కుమార్తెలతో ‘రెహు మోవానా’ అను జంటఓడపై 1964 మొదలు 1967 వరకు భూగోళమును చుట్టివచ్చిరి. జంటఓడ యొకటి భూమిని చుట్టివచ్చుట అదియే మొదటిసారి. చంటిబిడ్డలున్న సంసారమును మోయగల ఓడను వింతవస్తువని ఇక నెవరనగలరు?

ఇక ఈ ఓడ కట్టడిని చూతము. రెండు సన్నని దోనెలు. నడుమ వానిని కలుపు అరుగు. ఆ యరుగుపై చిన్న గది. ముందుభాగమున రెండు దోనెల మధ్య బలమైన వల బిగించియుండును. వలపై కూర్చున్నవారికి కాళ్లక్రింద నీరు పరుగిడుట కనబడును. నడుమ నొక స్తంభము, దానికొక పెద్ద తెరచాప, ముందొక చిన్న తెరచాప. గాలి లేనప్పుడును, రేవున మెసలునప్పుడును ఉపయోగించుటకు ఒక్కొక్క దోనెలో నొక్కొక్క ఇంజను ఉండును. రెండు ఇంజనులు ఎడముగా నుండుటచే ఒకదానిని ముందుకు, ఒకదానిని వెనుకకు త్రిప్పిన ఓడ ఉన్నచోటనే గిరగిర తిరుగును.

ఒంటిదోనె తెరచాప ఓడ గాలికి ప్రక్కకు ఒరుగుచు నడచును. అది తలక్రిందులు గాకుండ అడుగున సీసముతోనో ఇనుముతోనో చేసిన పెద్దబరువును వ్రేలాడదీయుదురు. జంటఓడకు ఆ బరువు అక్కరలేదు. దాని వెడల్పే దానికి నిలకడ. అందుచే అది ఒరుగదు. పొయ్యిమీది గిన్నె పొయ్యిమీదనే యుండును. నీటిలో మునుగు భాగమును తక్కువ, మూడు నాలుగడుగులు మాత్రమే. ఒంటిఓడలు చొరలేని లోతులేని పాయలలోనికి ఇది పోగలదు. ఆటు సమయమున నీరు తీసినచో ఇసుకపై రెండు కాళ్లు చాచి కూర్చున్న యెద్దువలె నిలిచి, పోటు వచ్చువరకు వేచియుండును.

గుణములతోపాటు దోషములును గలవు. ఎదురుగాలిలో పోవునప్పుడు అలలు వచ్చి అరుగు అడుగుభాగమును దబదబ కొట్టును. క్రొత్తవారికి ఆ చప్పుడునకు నిదుర పట్టదు. సామాను మితిమీరినచో ఓడ చురుకుదనము పోవును. అన్నింటికంటె పెద్దదోష మొకటి. ఒంటిఓడ గాలికి ఒరిగి ఒరిగి యజమానిని హెచ్చరించును. జంటఓడ నిటారుగా నడచుచు, గాలి ఎంత పెరిగినదియు తెలియనీయదు. అట్లు మోసపోయి తెరచాపను కుదింపకున్నచో, ఒకానొక ఉధృతమైన జల్లుగాలికి బోర్లపడవచ్చును. బోర్లపడిన జంటఓడ తనంత తాను లేవదు. సీసపుబరువు గల ఓడ తిరిగి లేచును. దీనికా భాగ్యము లేదు. అందుచే దీనిని నడుపువారు శరీరమునకు తోచుదానిని నమ్మక, గాలిని కొలుచు యంత్రపు అంకెను నమ్మి, గాలి ఇరువది నాట్లకు, అనగా గంటకు 37 కిలోమీటర్లకు చేరునప్పటికే తెరచాప నొక మడత కుదింతురు. సుఖముగా నున్నప్పుడే జాగ్రత్తపడవలెనని ఈ ఓడ నేర్పు మొదటి పాఠము.

ఇట్టి ఓడలో దంపతులు తిరుగు తీరమును గూర్చి తెలిసికొందము. ఆస్ట్రేలియా ఈశాన్యభాగమున క్వీన్స్‌లాండ్ రాష్ట్రము కలదు. దాని తీరమున కెదురుగా ‘గ్రేట్ బారియర్ రీఫ్’ అను పగడపుదిబ్బల వరుస సుమారు 2,300 కిలోమీటర్లు సాగియున్నది. పగడపు పురుగులు, అతిచిన్న ప్రాణులు, వేలయేండ్లుగా కట్టిన కట్టడమిది. 1981లో దీనిని ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించిరి. బయటి మహాసముద్రపు పెద్ద అలలు ఈ దిబ్బలపై విరిగిపోవుటచే, దిబ్బలకును ఒడ్డునకును నడిమి నీరు కొంత శాంతముగా నుండును. చిన్న ఓడలకు ఇది రాజమార్గము వంటిది. కాని ఆ రాజమార్గమునందే కనబడని రాళ్లును గలవు.

అచ్చటి ఋతువులు మనకు తలక్రిందులు. నవంబరునుండి ఏప్రిల్ వరకు తుపానుల కాలము. తుపాను లెట్టివో తెలుగు తీరవాసులకు వేరుగ చెప్పవలసిన పనిలేదు. ఏప్రిల్ దాటిన పిమ్మట ఆగ్నేయమునుండి వ్యాపార పవనములు నిలకడగా వీచును. అప్పుడు దంపతులు దక్షిణమున బ్రిస్బేన్ నగరపు సమీపమునందలి మోర్టన్ అఖాతమునుండి బయలుదేరి, గాలిని వెనుకనిడుకొని ఉత్తరమునకు సాగుదురు. శీతకాలమంతయు ఉత్తరమున గడిపి, సెప్టెంబరు, అక్టోబరు మాసములలో నడుమనడుమ వీచు ఉత్తరపు గాలిని పట్టుకొని తుపానులకు ముందే ఇల్లు చేరుదురు. రైతు ఋతువును చూచి దుక్కి దున్నినట్లు వీరు ఋతువును చూచి లంగరెత్తుదురు.

త్రోవలో మొదట వచ్చునది కె’గారి అను ద్వీపము. పూర్వము దీనికి ఫ్రేజర్ ద్వీపమని పేరుండెను. 2023లో ఆదివాసుల ప్రాచీననామమునే తిరిగి అధికారికముగా నెలకొల్పిరి. ప్రపంచమునందలి ఇసుకదీవులలో నిదియే పెద్దది. నిడివి 120 కిలోమీటర్లకు పైబడును. ఈ దీవికిని నేలకును నడుమ ఇరుకైన పాయ కలదు. దాని దక్షిణద్వారమున ఇసుకమేట యడ్డుపడి, అలలు విరుగుచుండును. పోటు ఎక్కుచున్న సమయము చూచి దాటవలెను. ఆటునందు దాటబోయినచో వెలుపలికి పోవు నీరును లోపలికి వచ్చు అలలును ఢీకొని ఓడను నలిపివేయును. పాయ నడుమ మిక్కిలి మెరక. ఉత్తరమునుండి యొక పోటు, దక్షిణమునుండి యొక పోటు వచ్చి అచ్చట కలియును. వచ్చు పోటుతో లోనికి పోయి, తీయు ఆటుతో వెలుపలికి పోవుట తెలిసినవారి పద్ధతి.

అచ్చటినుండి ఉత్తరమునకు పోయిన కొలది పోటుయెత్తు పెరుగును. బ్రాడ్ సౌండ్ అను చోట ఆస్ట్రేలియా తూర్పుతీర మంతటిలో నెక్కువ యెత్తున నీరు లేచి దిగును. ఇట్టి తావున లంగరు వేయుటకు గణితము రావలెను. లంగరు దించునప్పుడు నీరు 3 మీటర్లే యున్నను, తరువాత 5 మీటర్లు ఎక్కునని పోటుల పట్టికలో నున్నచో, లెక్కకు తీసికొనవలసినది 8 మీటర్లు. దానికి అయిదురెట్లు, అనగా 40 మీటర్ల గొలుసు వదలవలెను. 3 మీటర్లే యని 15 మీటర్ల గొలుసు వదలి నిద్రించినవాని ఓడ అర్ధరాత్రమున లంగరు నీడ్చుకొని రాతిమీదికి పోవును. లంగరును పగడముపై వేయరాదు, ఇసుకపైననే వేయవలెను. వేయియేండ్ల కట్టడమును ఒక్క గొలుసు ఒక్క రాత్రిలో నుగ్గుచేయగలదు.

లంగరు వేయు ముచ్చటలో నొక చమత్కారము కలదు. ఒకరు ముందుభాగమున గొలుసు దగ్గర నిలువవలెను. మరొకరు వెనుక చుక్కాని పట్టవలెను. నడుమ గాలిహోరు, ఇంజను చప్పుడు. ఒకరు చెప్పినది ఒకరికి వినబడదు. వినబడలేదని ఒకరు, వినలేదని మరొకరు కేకలు వేసికొందురు. రేవున నున్న తక్కిన యోడలవారికి అది సాయంకాలపు వినోదము. అనుభవముగల దంపతులు కేకలు మాని చేతిసంజ్ఞలు ఏర్పరచుకొందురు. ముందుకు, వెనుకకు, ఎడమకు, కుడికి, చాలు. అయిదు సంజ్ఞలతో పని ముగియును. సంసారమున సైతము సగము తగవులు మాట చెవికి చేరకపోవుటవలననే పుట్టుచున్నవి గదా!

ఇట్లు పోగా పెర్సీ ద్వీపముల చెంత నొకచోట నావికులు తమ ఓడల పేర్లను కొయ్యపలకలపై చెక్కి వ్రేలాడదీసిన సాల కలదు. ఆ పిమ్మట విట్‌సండే ద్వీపములు, సంఖ్య 74. వానిని దాటి టౌన్స్‌విల్, కెయిర్న్స్ నగరములు. మడయడవులున్న పాయలలో ఉప్పునీటి మొసళ్లు తిరుగును గనుక అచ్చట ఎవ్వరును నీట దిగరాదు. ఇంటిలో వలెనే ఓడపై సైతము రోజంతయు చిన్నచిన్న పనులే. త్రాడు అరిగినదా, ఇంజనునూనె ఎంతయున్నది, త్రాగునీరు ఎంత మిగిలినది, రేపటి గాలి యెట్టిది? ఈ ప్రశ్నలకు ప్రతిదినము జవాబు వ్రాసి పెట్టు దినచర్య పుస్తకము ఓడపై ముఖ్యమైన గ్రంథము.

ఇప్పుడు ప్రధానవిషయమునకు వత్తము. ఓడపై నున్నవారు ఇద్దరే. చాల కాలము చుక్కాని భర్తదిగను, వంట భార్యదిగను ఉండెడిది. పటము చూచువాడు ఆయన. పళ్లెము వడ్డించునది ఆమె. నెమ్మదిగా నున్నంతవరకు ఈ యేర్పాటు బాగుగనే తోచును. అది చెడు దినమొకటి రావచ్చును.

భర్త తెరచాపను సరిచేయుటకు ముందునకు పోయి కాలుజారి నీట పడెననుకొందము. ఓడ ఆరు నాట్ల వేగమున పోవుచున్నచో, క్షణమునకు, అనగా సెకండునకు, మూడు మీటర్లు దూరము పోవును. ఒక్క నిమిషములో 185 మీటర్లు. అలలనడుమ అంతదూరమున నున్న మనుష్యుని తల కొబ్బరికాయ కంటె పెద్దదిగా కనబడదు. మరొక నిమిషమునకు అదియు కనబడదు. గాలి ఓడను తోయుచునే యుండును. పిలిచిన పలుకు ఇరుగుపొరుగు లేరు. అప్పుడు ఆమెకు తెరచాప దించుట రాకున్నచో, ఇంజను నడుపుట తెలియకున్నచో, దిక్సూచి చూచి వచ్చినత్రోవ మరలుట తెలియకున్నచో, ఆమె ప్రేమయు, ఆమె కన్నీరును ఆ నూటయెనుబదియైదు మీటర్లను దాటజాలవు.

తెలిసినదైనచో చేయవలసిన పని స్పష్టము. మొదట తేలెడు చక్రమును నీటిలోనికి విసరవలెను. పడినచోటును యంత్రమున మీట నొక్కి గుర్తించవలెను. కన్ను ఆ తలమీదినుండి తీయకయే తెరచాపను వదలి, ఇంజను నడిపి, ఓడను మరల్చవలెను. రేడియోలో 16వ మార్గమున ఆపదకేక వేయవలెను. దగ్గరకు వచ్చి, ఓడ నిలిపి, త్రాటితో మనిషిని పైకి లాగవలెను. తడిసిన మగవానిని చేతులతో నెత్తుట స్త్రీకే కాదు, మల్లునకును కష్టము. అందులకు కప్పీత్రాడును ఎట్లు తగిలింపవలెనో ముందే తెలిసియుండవలెను. ఈ విద్యను ఆపద వచ్చినప్పుడు నేర్చుకొన వీలులేదు. కనుక వివేకముగల దంపతులు ఎండకాచిన నెమ్మదిదినమున ఒక బుంగను నీటిలో పారవేసి, దానినే మనిషిగా భావించి, వంతులవారీగా ఒకరి సాయము లేక ఒకరు దానిని తిరిగి తెచ్చుట సాధనచేయుదురు. బుంగ దొరకినంతవరకు ఆ సాధన మానరు.

ఇది భార్య నేర్వవలసిన దానినిగూర్చి మాత్రమే చెప్పిన మాట గాదు. భార్యకు జ్వరము వచ్చి పడుకొన్నచో మందులపెట్టెలో ఏ మందు ఎచ్చట నున్నదో భర్తకు తెలియవలెను. బియ్యము ఎన్నిదినములకు వచ్చును, నీటితొట్టిలో ఎంత మిగిలినది యను లెక్క ఆయనకును రావలెను. రాత్రివేళ సాగవలసివచ్చినప్పుడు ఒకరు మూడు నాలుగు గంటలు కావలియుందురు, ఒకరు నిద్రింతురు. దిగంతమున దీపమై తోచిన పెద్దఓడ పదునైదు, ఇరువది నిమిషములలో మీదికి రాగలదు. నిద్రించువారి ప్రాణము మేలుకొన్నవారి తెలివిపై నున్నది. మేలుకొన్న వ్యక్తికి సగము విద్యయే తెలిసినచో నిద్రించు వ్యక్తికి సగము ప్రాణమే భద్రము. ఇద్దరే యున్నచోట ఒక్కరికే తెలిసిన విద్య లేనిదానితో సమానము. రెండు దోనెలలో నొకదానికి చిల్లుపడిన, ఆ చిల్లు రెండవదానిదియు నగును.

పటమును చదువలేనిచో ఎంతటివానికిని ఆ తీరమున ఆపద తప్పదనుటకు గొప్ప నిదర్శనము కలదు. 1770లో కెప్టెన్ జేమ్స్ కుక్ ‘ఎండవర్’ అను ఓడలో ఈ తీరమున వచ్చెను. అప్పటికి ఈ నీటికి పటమే లేదు. పటము వ్రాయుచు ఆయన సాగెను. జూన్ 11వ తేది రాత్రి వెన్నెలలో సాగుచుండగా ఓడ పగడపుదిబ్బకు తగులుకొనెను. అదియు పోటు నిండుగా నున్నప్పుడు. సుమారు 50 టన్నుల బరువును, ఆరు ఫిరంగులతో సహా, సముద్రమున పారవేసిరి. పగటిపోటు ఓడను లేపలేదు. రాత్రిపోటు పగటిదానికంటె ఎత్తుగా వచ్చుటచే ఇరువదిమూడు గంటల పిమ్మట ఓడ విడివడెను. చిల్లునకు ఉన్నితోను నారతోను అంటించిన తెరచాపగుడ్డను క్రిందినుండి కప్పి, ఒక నదీముఖమునకు చేర్చి, కొన్ని వారములు బాగుచేసికొనిరి. ఆ నదీముఖమే నేటి కుక్‌టౌన్. పారవేసిన ఆ ఆరు ఫిరంగులు 1969లో దొరకినవి.

నేటి దంపతులకు మంచి పటములు, ఆకాశమునందలి ఉపగ్రహములనుండి తావు తెలుపు యంత్రములు గలవు. అయినను పగడపుదిబ్బల నడుమ వారు సూర్యుడు నడినెత్తికి వచ్చిన తరువాతనే, సూర్యుని వీపునకు పెట్టుకొని సాగుదురు. అప్పుడే లోతునీరు నల్లనినీలముగను, ఇసుకనేల లేతపచ్చగను, పగడము గోధుమవర్ణముగను కనబడును. ఒకరు ముందు నిలిచి రంగులు చదివి చేయి చూపగా, మరొకరు చుక్కాని త్రిప్పుదురు. ఆ నీరు వ్రాసిన పుస్తకము, రంగులు అక్షరములు. ఉదయమునను, సాయంకాలమునను ఎండ ఏటవాలుగా పడి నీరు అద్దమై మెరయునప్పుడు ఆ యక్షరములు కనబడవు.

కుక్‌టౌనునకు ఉత్తరమున లిజర్డ్ ద్వీపము కలదు. దిబ్బల వలయమునుండి వెలికిపోవు త్రోవ వెదకుటకు కుక్ 1770 ఆగస్టులో దీని శిఖరమెక్కి చూచెను. చాలమంది దంపతులు ఇచ్చటనే ఓడలను మరల్తురు. అక్కడ చిన్న రాతిగోడల శిథిలమొకటి కలదు. దానిని గూర్చిన కథ విననివారు ఆ తీరమున నరుదు.

మేరీ వాట్సన్ ఇంగ్లండునుండి వచ్చిన పడుచు. 1880లో రాబర్టు వాట్సన్ అను సముద్రవ్యాపారిని వివాహమాడెను. వారిద్దరును ఈ ద్వీపమున కాపురముపెట్టిరి. చీనాదేశమున ప్రీతితో తిను సముద్రపు దోసకాయలను, అనగా ఒకవిధమగు జలచరములను, పట్టి ఉడికించి ఎండబెట్టి అమ్ముట వారి వ్యాపారము. 1881 సెప్టెంబరులో భర్త తన భాగస్వామితో ఓడలలో ఉత్తరమునకు వేటకు పోయెను. ద్వీపమున మేరీ, ఆమె నెలలబిడ్డ, ఇద్దరు చీనా పనివారు మిగిలిరి. ఆ ద్వీపము అచ్చటి ఆదివాసులకు పూర్వులనాటి పవిత్రస్థలము. వారు వచ్చి యెదిరించిరి. పనివారిలో నొకరు మరణించెను, ఆ సామ్ అను రెండవవాడు బల్లెముల గాయములపాలయ్యెను. మేరీకి పారిపోవుటకు ఓడ లేదు. జలచరములను ఉడికించు ఇనుపతొట్టి యొకటి యున్నది. బిడ్డను, గాయపడిన పనివానిని అందులోనెక్కించుకొని అక్టోబరు 2వ తేదిన ఆమె సముద్రమున పడెను.

ఆ తొట్టికి చుక్కాని లేదు, తెరచాప లేదు. గాలి ఎటు తోసిన అటు పోయినది. ఎనిమిది తొమ్మిది దినములలో నొక దీవినుండి మరియొక దీవికి కొట్టుకొనిపోయి, చివరకు నీటిచుక్క లేని యొక చిన్నదీవిని చేరిరి. ముగ్గురును దాహముతో మరణించిరి. ఇరువదియొకటేండ్ల ఆ తల్లి చివరివరకు దినచర్య వ్రాయుచునే యుండెను. అక్టోబరు 11వ తేదితో ఆ వ్రాత ఆగినది. ఆ వ్రాత వలననే లోకమునకు ఈ కథ తెలిసినది. ఆ తొట్టిని క్వీన్స్‌లాండ్ ప్రదర్శనశాలవారు భద్రపరచిరి. కుక్‌టౌనులో ఆమె స్మృతికై 1886లో త్రాగునీటి కట్టడము నొకదానిని నిర్మించిరి. ఈ కథకు రెండవ పార్శ్వమును చెప్పకుండుట న్యాయము గాదు. ఆమె మరణమునకు ప్రతీకారముగా, ఏ పాపమెరుగని ఆదివాసులు పలువురు చంపబడిరి. వారికి కట్టడము లేదు. వారి దినచర్యను వ్రాసినవారును లేరు.

మేరీకి ధైర్యము తక్కువ గాదు. చదువును కలదు. లేనివి రెండు: నడుపుకొనదగిన ఓడ, చాలినంత నీరు. ఓడను చేతనుంచుకొని పోయినవాడు భర్త. అతడు దుర్మార్గుడు గాడు. ఆపద అతడు లేని దినమున వచ్చెను. ఆపద ఎప్పుడును అట్టి దినమునే యెన్నుకొనును. నేటి దంపతుల ఓడలో ఉప్పునీటిని మంచినీరుగా మార్చు యంత్రము, ఎండనుండి విద్యుత్తు తీయు పలకలు ఉన్నవి. అయినను తెలిసినవారు యంత్రము చెడినను చాలునంత నీటిని వేరుగ నింపుకొనియే బయలుదేరుదురు. లిజర్డ్ ద్వీపమున ఆ శిథిలమును చూచి ఓడకు తిరిగివచ్చిన ఇల్లాలు మొదట నీటితొట్టి మూత తీసి చూచుకొనుటలో వింతలేదు.

అటుపిమ్మట తిరుగుప్రయాణము. ఎదురుగాలి తగ్గుదినములకై వేచి, పగడపు నీటినుండి ఇసుకదీవి పాయకు, అచ్చటినుండి ఇంటిరేవునకు చేరుదురు. శీతకాలమున ఆ నీటికి వచ్చు పెద్ద తిమింగిలములును పిల్లలతో సహా దక్షిణమునకే మరలును. బయలుదేరినప్పుడు ఓడపై నొక నావికుడును ఒక ప్రయాణికురాలును ఉన్నను ఉండవచ్చును. తిరిగి వచ్చునప్పటికి ఇద్దరు నావికులుండవలెను. యాత్ర సఫలమైనదా యనుటకు ఎన్ని మైళ్లు తిరిగిరను లెక్క కొలత గాదు, ఇదియే కొలత.

గ్రంథాలయ సభ గనుక చివర నొక మాట. ఈ నావికులు తిరుగు అనేక రేవులలో నొక అలమార కలదు. దానికి తాళము లేదు, గుమాస్తా లేడు. చదివిన పుస్తకమును పెట్టి, చదువని పుస్తకమును తీసికొనిపోవుదురు. దక్షిణమున పెట్టిన పుస్తకము ఓడలు మారుచు ఉత్తరమున తేలును. ఓడపై చోటు తక్కువ. పనికిరాని వస్తువును ఎవ్వరును మోయరు. అట్టిచోట పుస్తకమునకు చోటు దొరకుచున్నదనిన, దాని బరువునకు మించిన విలువ దానియందున్నదని అర్థము.

ఇరువదియైదేండ్లు నిండిన గ్రంథాలయమునకు సైతము ఈ కొలతయే తగును. అలమారలలో నెన్ని గ్రంథములున్నవను లెక్క మంచిదే. కాని ఇంటికి పోయిన పుస్తకము ఎందరి చేతులు మారినది యనునది అంతకంటె మంచి లెక్క. యజమాని చదివి మూసి తిరిగి యిచ్చిన పుస్తకము ఆ యింటికి సగమే చేరినది. పొలము పత్రము, బ్యాంకు కాగితము, మందుసీసాపై వ్రాత, పిల్లవాని బడిచిట్టా: ఇవన్నియు ఇంటి సముద్రపటములు. ఇంటిలో నొక్కరే వానిని చదువగలిగినచో, ఆ ఒక్కరు లేని దినమున ఆ యిల్లు చుక్కాని లేని ఇనుపతొట్టియే. ఇద్దరును చదువగలిగినచో అది రెండు దోనెల ఓడ, గాలికి ఒరుగదు.

ఈ గ్రంథాలయము నుండి ఇంటింటికి పోవు పుస్తకములు ఇంటనున్న వారందరి చేతులలోను తెరువబడుగాక. స్వర్ణోత్సవ దినమునాటికి ఈ గ్రామమున ఏ యింటను పటమును చదువలేని నావికుడు గాని నావికురాలు గాని లేకుండుగాక.